గొలుసు దగ్గర చెప్పే పేరు

కారు పోయినందుకు కాదు మున్నీబీ ఏడుపు.

కారుదేముంది, ఇనుము. దాన్ని వెతకడానికి కింద కార్లు పెట్టుకునే ఇసుక మైదానంలో పొద్దుటినుంచి ఇరవైమంది మగవాళ్ళు తిరుగుతున్నారు. తన కాపురంలోంచి జారిపోతున్నదాన్ని వెతకడానికి మాత్రం తనొక్కతే ఉంది.

వంటింట్లో నిలబడి ఉల్లిగడ్డలు తరుగుతోంది. కన్నీళ్ళకు వంక దొరుకుతుందని నాలుగోది కూడా తీసుకుంది. పక్క గది హుస్సేనమ్మ గిన్నె కడగడానికి వచ్చి, ఆ గుట్టను చూసి నిలబడిపోయింది. ఒకే వంటిల్లు రెండు కాపురాలది. ఎవరి కూర మాడినా రెండో వాళ్ళకు తెలుస్తుంది.

"ఇద్దరు మనుషులకు ఇన్ని గడ్డలెందుకు మ్మే? ఏం, దావతు చేస్తాండావా?"

"ఊరికే."

"ఊరికే ఎవురన్నా ఏడుస్తారా? కారు దొరుకుతాదిలే. అల్ కుసైస్ దాటి యాడికి పోతాది?"

"కారు దొరకకపోతేనే మంచిది పెద్దమ్మా," అంది మున్నీబీ.

హుస్సేనమ్మ గిన్నె కింద పెట్టింది. ఇరవై ఏళ్ళనుంచి దుబాయ్‌లో ఉన్న మనిషి. ఎవరి ఏడుపు ఎక్కడ పుడుతుందో ఆమెకు తెలియంది కాదు. కానీ ఎంత అడిగినా మున్నీబీ నోరు విప్పలేదు. ఆ పేరు పలికితే అది నిజమైపోతుందని భయం.

ఆ పేరు ఇప్పటికి మూడుసార్లు వింది.

మొదటిసారి నెల కిందట. జిలానీ బాషా బాల్కనీలో నిలబడి ఫోనులో గొంతు తగ్గించి అన్నాడు. "ముల్కియాకు నెల తప్పింది గదన్నా. ఇంక దాచితే లాభం లే. ఈ వారంలో ఎట్లన్నా చేయించెయ్యాల."

ఆ రాత్రి మున్నీబీ అన్నం గిన్నెలో చెయ్యి పెట్టి అట్లాగే కూర్చుంది.

రెండోసారి ఆ మూడోనాడే. "ముల్కియా పనిమీద పోతాండా," అని చెప్పి పొద్దున పోయినవాడు సాయంత్రానికి గానీ రాలేదు. మర్నాడు తనను మార్కెట్టుకు తీసుకుపోతూ కారు ఎక్కబోయి మోకాలు గుద్దుకున్నాడు. డ్రైవరు సీటు బాగా ముందుకు జరిగి ఉంది. ఆరడుగుల మనిషి తన కారులో తానే పట్టలేదు. "గ్యారేజీ వాడు జరిపినాడేమో," అన్నాడు, తను అడగకముందే.

మూడోసారి ఈ పొద్దు. కారు కనబడడం లేదని కేకలు లేచిన కాసేపటికి, మళ్ళీ ఫోనులో. "ముల్కియా సంగతి మా ఇంట్లో తెలీదన్నా. నీకు దండం పెడతా, నువ్వు నోరెత్తొద్దు."

బయట తలుపు చప్పుడైంది. జిలానీ వచ్చాడు, వెనకనే రాజలింగం. రాజలింగం కరీంనగర్ దిక్కు మనిషి. మైదానంలో బండ్లు పెట్టుకునే వాళ్ళందరికీ పెద్ద. గడప దగ్గరే చెప్పులు విడిచి, "చెల్లె, జర మంచినీళ్ళియ్యి," అన్నాడు.

మున్నీబీ నీళ్ళిచ్చి వంటింటి గుమ్మంలోనే నిలబడింది. కత్తి చేతిలోనే ఉంది.

"ఇంక జాగు చెయ్యద్దు భాయ్," అన్నాడు రాజలింగం. "ముల్కియాను దీస్కొని నడువు. ఠాణాకు పోదాం."

"ముల్కియా ఎందుకన్నా? నేనొక్కణ్ణే పోయి మాట్లాడతా."

"ముల్కియా లేకుంట పోతే నువ్వెవ్వలివని అడుగుతరు. ముల్కియా ఉంటేనే ఏదన్న."

"ఇంకొంచెం సేపు చూద్దాం అన్నా."

"ఏం జూస్తవ్? యాడ దాచినవ్ దాన్ని? తియ్యి బయటికి!"

మున్నీబీకి లోపల ఏదో తెగింది.

"తేనీ అన్నా, తేనీ!" అంది. గొంతు ఇంటి కప్పు తాకింది. "ఆమెను నా గడప తొక్కనీ, ఈ కత్తి చూసినావా? ఠాణాకు పెండ్లాం అక్కర్లే, ముల్కియా కావాలా? నెల తప్పిన దాన్ని పోలీసోళ్ళ ముందర నిలబెట్టుకోని ఏమని చెప్తారు, ఈమె వీని రెండో పెండ్లామనా?"



ముందు హుస్సేనమ్మకు అర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. "ఓయమ్మో, యా అల్లా," అంటూ గోడకు ఆనుకుని జారి కూర్చుంది. రాజలింగానికి తాగుతున్న నీళ్ళు ముక్కుల్లోకి పోయాయి. ఆఖరికి జిలానీ కూడా, పొద్దుటినుంచి మొహం వేలాడేసుకున్నవాడు, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"అది ఆడది కాదు చెల్లె," అన్నాడు రాజలింగం దగ్గు ఆపుకుంటూ. "కాయితం! బండి ఎవ్వలిదో రాసి సర్కారోళ్ళు ఇచ్చే కార్డు. మనకాడ పొలానికి పట్టా ఉండదా, గట్ల బండికి ముల్కియా."

"నెల తప్పేది?"

"గడువు దాటింది! ఏడాదికొక్కసారి బండి చూపించి, ఫీజు గట్టి, మళ్ళ రాయించుకోవాలె. నెల దాటితే జుర్మానా. ఆనాడే మా చందా గుడ."

"చందా ఏంది?"

"పోయినేడు మైదానంల మూడు బండ్లు దొంగలు దీస్కపోయిండ్రు గదా. గప్పుడు అందరం ఒక మాట అనుకున్నం. ఎవ్వలైతే ముల్కియా చేయించుకుంటరో, అదే దినం కాపలాకింత ఇయ్యాలె. ఆ పైసలతోనే ఇనుప గుంజలు పాతినం, గొలుసు గట్టినం, లైటు వెట్టినం, లచ్చన్నను కావలి వెట్టినం. బుక్కుల బండి నంబరు, ముల్కియా మీది పేరు రాసుకుంటం. గంతే!"

సిగ్గుతో మున్నీబీ మొహం కందిపోయింది. నెల రోజులు తిండి మానింది, నిద్ర మానింది, ఒక కాయితం మీద ఏడ్చి. ఈ కత నేరుగా ఊరికి, రాయచోటి దాకా పోతుంది. ఆడబిడ్డలు పదేళ్ళు చెప్పుకుని నవ్వుతారు. అయినా ఆ సిగ్గులో ఎంత హాయి! గుండె మీదినుంచి రోలు దించినట్టయింది. తను కూడా నవ్వడం మొదలుపెట్టింది.

ఆ నవ్వు చూసి జిలానీ చెలరేగాడు. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కార్డు ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇదిగోమ్మే నీ సవతి! కండ్లారా చూసుకో. నీకంటే సన్నంగా లేదూ?"

"భాయ్," అన్నాడు రాజలింగం. అతని నవ్వు ఆగిపోయింది. "ఇటియ్యి దాన్ని."

"చూడనీలే అన్నా. ఆమెకేం తెలుస్తాది?"

నిజమే. మున్నీబీ బడికి పోలేదు. తెలుగు అక్షరం తెలీదు, ఇంగ్లీషు అసలే తెలీదు. కార్డు మీద కుడిపక్కన ఉన్నవి మాత్రం చిన్నప్పుడు మసీదు అరుగు మీద హజ్రత్ చెవి మెలిపెట్టి నేర్పిన అరబీ అక్షరాలు.

మొగుడి పేరు చూద్దామని ముచ్చటపడింది. జీమ్‌తో మొదలు కావాలి కదా అని, కడుపులో చుక్క పెట్టుకుని ఉండే జీమ్ కోసం వేలు పెట్టి వెతికింది. జీమ్ లేదు. మీమ్ ఉంది.

మీమ్. అలిఫ్. హే. రే. చివర గుండ్రంగా ముడుచుకున్న తే.

ఖురానులో మాదిరిగా పైనా కిందా గుర్తులు లేవు. నాలుక తడబడింది. మళ్ళీ మొదలుపెట్టింది. పెదాలు కదులుతుంటే జిలానీ నవ్వు మొహం మీదే ఎండిపోయింది.

"మా...హి...రా."

వంటింట్లో కుళాయి కారుతోంది. ఎవరూ కట్టలేదు.

"నీకు చదువు రాదు గదా," అన్నాడు జిలానీ. అనాల్సింది అది కాదని అన్నాక తెలిసింది.

"రోజూ ఖురాను తెరిచి బొమ్మలు చూస్తానా నేను?"

మాహిరా! నెల్లూరు పిల్ల. కరామాలో ఆడవాళ్ళ బ్యూటీ పార్లర్‌లో పని. జిలానీ కార్గో ఆఫీసుకు పోతూ తన కారులో దించే నలుగురిలో ఒకతె. రంజాన్‌కు ఇంటికి వచ్చి, "అక్కా, నీ చేతి వంట మా అమ్మను గుర్తుచేస్తా ఉంది," అంటే కళ్ళు తుడుచుకుని, అప్పటినుంచీ ఆ పిల్ల పొద్దున తినకుండా పోతుందని డబ్బాలో ఉగ్గాని పెట్టి పంపేది తనే. మొగుడి చేతికిచ్చి పంపేది.

"అది కాదు మున్నీ," అన్నాడు జిలానీ. "కారు కొనేనాటికి నేను కంపెనీ మారుతాంటి. వీసా ఇంకా కొట్టలే. వీసా లేనోని పేరు మీద ముల్కియా ఇయ్యరు. అమ్మేటోడు వారంలో ఇండియాకు పోతాండె. ఆ పిల్లకు లైసెన్సు ఉంది, వీసా ఉంది. ఒక మాట అడిగితే సరేననింది."

"రాజలింగం అన్నకు వీసా లేదా?"

రాజలింగం గోడవైపు చూశాడు.

"నా గాజులు అమ్మి కొన్నావు ఆ కారు," అంది మున్నీబీ. కేక వెయ్యలేదు. కేక వేస్తే బాగుండునని హుస్సేనమ్మకే అనిపించింది. "నా గాజులు కరిగి ఆమె పేరైనాయా?"

"వీసా వచ్చినాక మార్చుకుంటాననుకుంటి."

"నీ వీసా రాకుండానే నేను దుబాయ్‌కి వచ్చినానా? నువ్వు నన్ను పిలిపించుకోని ఎనిమిది నెలలాయ. ఎనిమిది నెలల్నుంచి నీకు వీసా ఉంది. పోయిన నెల మళ్ళా రాయించినప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకోని పోయినావు, ఆమె కారు తోలింది, సీటు ముందుకు జరిగింది. అప్పుడన్నా ఎందుకు మార్చలే?"

జిలానీ నేల చూశాడు. మున్నీబీ చూస్తున్నది ఆ చూపునే. అబద్ధం చెప్పినా ఇంత నొప్పి ఉండేది కాదు.

అప్పుడే లచ్చన్న వచ్చాడు. రాత్రంతా కాపలా కాసి, తెల్లారి డ్యూటీ దిగి సత్వాలో తమ్ముడి గదిలో పడుకున్నవాణ్ణి లేపి తెచ్చారు. కళ్ళు వాచి ఉన్నాయి. దొంగతనమని విని చెప్పులు విడవడం కూడా మరిచాడు.

"దొంగతనమేంది రాజన్నా? నేనుండంగ దొంగతనమెట్లయితది?"

"జిలానీ భాయ్ బండి లేదు గదా."

"గా తెల్ల బండా? దాన్ని ఎవ్వడు దొంగిలిచ్చిండు? బండిగల్ల అమ్మనే అచ్చి తీస్కపాయె. నేను దిగేముందు. ఆమె కాడ తాళం ఉండె, పేరు జెప్పింది, బుక్కుల జూస్తే అదే పేరు. గొలుసు ఇప్పిన. పగటికల్ల, జుమ్మా యాల్లకు తెస్తనన్నది."

"మొహం తెలీనోళ్ళకు గొలుసెట్ల ఇప్పినవ్ రా?"

"నువ్వే జెప్పితివి గదనే! మొహం జూసి ఇడువద్దు, మొదటి బండిని మొహం తెలిసినోడే ఎత్తుకపోయిండు, ముల్కియా మీది పేరు జెప్తేనే గొలుసు ఇప్పాలె అంటివి. ఎవ్వలైనా అంతే. జిలానీ భాయ్ గుడ రోజు పొద్దుగాల్ల గా పేరు జెప్పే తీస్కపోతడు." లచ్చన్న తన నిజాయితీకి సాక్ష్యం కోసం జిలానీవైపు తిరిగాడు. "జెప్పు భాయ్, ఒక్క దినమన్న నువ్వు 'మాహిరా' అనకుంట నేను గొలుసు ఇప్పిన్నా?"

లచ్చన్న తప్పేమీ లేదు. చందా ఎందుకు కట్టారో ఆ పని పొల్లుపోకుండా చేశాడు.

మున్నీబీ కత్తిని జాగ్రత్తగా ఉల్లిగడ్డల పక్కన పెట్టింది.

రోజూ ఫజర్ నమాజు చేసి, తను ఇచ్చిన టీ తాగి, తనతో ఒక్క మాటన్నా మాట్లాడకుండా మెట్లు దిగే మనిషి. పొద్దున్నే అతనికి మాటలు రావనుకుంది. నిద్రమత్తనుకుంది. ఆ మొదటి మాట కింద గొలుసు దగ్గర ఖర్చవుతోందని ఎనిమిది నెలలుగా తెలియదు.

"పగటికల్ల తెస్తానన్నదా?" అని లచ్చన్నను అడిగింది.

"గట్లనే అన్నది చెల్లె."

బురఖా తగిలించుకుంది. కార్డు గుప్పిట్లో పెట్టుకుంది.

"యాడికి మ్మే?" అంది హుస్సేనమ్మ. "మగోళ్ళ మధ్య రచ్చ చేసుకోకు. ఇంట్లో తేల్చుకో."

"ఇంట్లో ఏముంది పెద్దమ్మా తేల్చుకోను? అంతా గొలుసు దగ్గరే ఉంది."

జుమ్మాకు వేళవుతోంది. మైదానంలోని మగవాళ్ళు ఒక్కొక్కరే మసీదుకేసి మళ్ళుతున్నారు. ఇసుక మీద ఎండ కళ్ళు పొడుస్తోంది. మున్నీబీ ఇనుప గుంజ పక్కన నిలబడింది. గుంజను తాకితే చెయ్యి కాలింది.

ఆ పిల్ల రాగానే ఏమేం అనాలో వరసగా పేర్చుకుంది. తిన్న ఉగ్గానిని అడగాలి. అక్కా అన్న నోటిని అడగాలి.

తెల్ల కారు మలుపు తిరిగి రాగానే, ఆమె వెనకే దిగి వచ్చిన లచ్చన్న గొలుసు దించి, కారు లోపలికి వచ్చి ఆగాక మళ్ళీ తగిలించాడు. డ్రైవరు సీటు బాగా ముందుకు జరిగి ఉంది. స్టీరింగుకు ఛాతీ ఆనించి కూర్చున్న చిన్న మనిషి. మాహిరా దిగింది. మున్నీబీని చూసి బెదరలేదు. ఎదురుచూసిన మనిషి కనబడినట్టు ఊపిరి వదిలింది.

"నువ్వు వస్తావనే తీసుకెళ్ళానక్కా," అంది. "ఇట్లా చేస్తే తప్ప నీకు తెలియదు."

పేర్చుకున్న మాటలన్నీ కూలిపోయాయి. "ఏం తెలియాల?"

"కారు ఆయన పేరుకు మార్చుకోమని ఎన్ని తూర్లు చెప్పానో. రేపు ఏదన్నా ప్రమాదమైతే పోలీసులు పట్టుకునేది నన్ను. ఊఁ అంటాడు, మార్చడు. పోయిన నెల ఆఫీసు దాకా తీసుకెళ్ళి మార్చేద్దామంటే, మళ్ళీ నా పేరు మీదే రాయించాడు." మాహిరా గొంతు తగ్గించింది. "నాకు పెళ్ళి కుదిరిందక్కా. మా వాళ్ళ అబ్బాయే, షార్జాలో ఉంటాడు. ఆ సంగతి చెప్పి పదిరోజులైంది. ఆ రోజునుంచీ మీ ఆయన నాతో మాట్లాడడం మానేశాడు. కారులో అద్దం కూడా నావైపు లేకుండా తిప్పేశాడు."

పదిరోజులు. మున్నీబీ లెక్క తప్పలేదు. పదిరోజులనుంచి జిలానీ సగం తిని లేస్తున్నాడు. నిద్రలో పళ్ళు కొరుకుతున్నాడు. ఏమైందంటే ఆఫీసులో మేనేజరు గొడవన్నాడు. ఆ కడుపుమంట ఏమిటో మున్నీబీకి ఎవరూ చెప్పనక్కర్లేదు. నెలరోజులుగా అదే మంటలో తనూ వండుకు తింటోంది. ఒకే గదిలో, ఒకే చాప మీద, ఇద్దరూ ఒకే జబ్బుతో పడుకున్నారు. మనిషే వేరు.

ఈ పిల్ల చెడ్డదైతే ఎంత బాగుండేది!

మాహిరా తన దగ్గరున్న రెండో తాళం తీసి మున్నీబీ చేతిలో పెట్టింది. "ఆయన ఎప్పుడు రమ్మంటే అప్పుడు వచ్చి సంతకం పెడతా. ఆయన అడగకపోతే నువ్వు అడుగు." అంతే చెప్పి, మున్నీబీ గుప్పిట్లోని కార్డువైపు ఒకసారి చూసి, ఎండలో బస్సు స్టాపుకేసి నడిచిపోయింది.

వెనక అడుగుల చప్పుడు. జిలానీ తన తాళం కూడా తీసుకోకుండా మెట్లు దిగి పరుగున వచ్చాడు. కారును చూశాడు. ఆ తర్వాత, ఆపుకోలేక, దూరంగా పోతున్న నల్లని బురఖాను చూశాడు. అటువైపు చూసినంతసేపు పక్కన పెండ్లాం నిలబడి ఉందని అతనికి గుర్తు లేదు.

"తాళం ఇయ్యి మున్నీ," అన్నాడు చెయ్యి చాపి. "ఎండలో అంత దూరం ఎట్ల పోతాది? దించేసి వస్తా. ఒక్క నిమిషం."

మున్నీబీ తాళం ఇవ్వలేదు. గుంజ దగ్గర లచ్చన్న గొలుసు కొస పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"గొలుసు ఇప్పాల్నా భాయ్?"

"ఇప్పొద్దన్నా," అంది మున్నీబీ. "ముందర పేరు చెప్పనీ."

"ఏం పేరు? ఏమ్మే, నలుగురు చూస్తాండారు..."

"రోజూ చెప్పేదే గదా. ఈ పొద్దు నా ముందర చెప్పు. గాజులు నావి, కార్డు ఆమెది. నీకు ఏ పేరు నోటికొస్తే ఆ పేరు చెప్పు, తాళం ఇస్తా."

మసీదులో అజాన్ మొదలైంది. లచ్చన్న గొలుసు బిగించి పట్టుకున్నాడు.

జిలానీ నోరు తెరిచాడు.